ఐదో నెలలో స్నేహితులతో విదేశానికి... వెళ్లనా, మాననా?

ప్రశ్న: అక్కా, నాకు 30 ఏళ్లు. ఇప్పుడు పదో వారం గర్భం, ఇదే మొదటిది. నెల తప్పకముందే, కాలేజీ రోజుల నుంచీ ఉన్న ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి విదేశీ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నాను. తొమ్మిది రోజులు. ఒక్కో వైపు పది గంటల విమానం. సముద్రం దగ్గర నాలుగు రోజులు, మిగతావి కొండ ప్రాంతంలో. స్కూబా డైవింగుకు కూడా డబ్బు కట్టేశాం. బయల్దేరే రోజుకు నాకు 21 వారాలు నిండుతాయి. మా ఆయన "టిక్కెట్ల డబ్బు పోతే పోయింది, వద్దు. బిడ్డ పుట్టాక మనిద్దరం వెళ్దాం" అంటున్నారు. గట్టిగా అడ్డు చెప్పరు కానీ రాత్రిళ్లు ఫోన్‌లో ఏవేవో చదివి టెన్షన్ పడుతున్నారు. నేను గర్భవతినని స్నేహితురాళ్లకు ఇంకా చెప్పలేదు. మూడు నెలలు నిండాక చెబుదామని ఆగాను. చెబితే నన్ను వదిలేసి వెళ్తారేమో, లేదంటే నా కోసం అందరూ మానేస్తారేమో అని భయం. ఈ బిడ్డ పుట్టాక మళ్లీ మేం నలుగురం ఎప్పుడు కలుస్తామో తెలీదు. నాకు వెళ్లాలనే ఉంది. అలా అనుకోవడం స్వార్థమా?

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరంలోని చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. స్వార్థం కాదు. బిడ్డ కడుపున పడగానే మిగతా ఇష్టాలన్నీ రాలిపోవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఏళ్ల తరబడి నిలిచిన స్నేహం అది, వాళ్లతో తొమ్మిది రోజులు గడపాలని ఆశ ఉండదా? వెళ్లాలనుకోవడంలో తప్పు లేదు. ఎలా వెళ్లాలి, ఎప్పుడు ఆగిపోవాలి అన్నదే తేల్చుకోవాలి.

తేదీలు మాత్రం నీకు చాలా అనుకూలంగా పడ్డాయి. కడుపుతో ఉన్నవాళ్లు ప్రయాణం చేయడానికి 14 నుంచి 28 వారాల మధ్య కాలం అన్నిటికన్నా మంచిదని ప్రసూతి డాక్టర్లు చెబుతారు. వేవిళ్లు, నీరసం అప్పటికి తగ్గుముఖం పడతాయి. గర్భస్రావాల్లో ఎక్కువ భాగం 12 వారాల లోపే జరుగుతాయి కాబట్టి ఆ భయమూ చాలావరకు దాటిపోతుంది. పొట్ట పెరిగినా నడకకూ నిద్రకూ అడ్డం వచ్చేంత పెరగదు. నువ్వు 21 నిండగానే బయల్దేరి 23వ వారంలో తిరిగొస్తావు. కావాలని ముహూర్తం పెట్టుకున్నా ఇంతకంటే బాగా కుదరదు.

ఇది అంతా సాఫీగా నడుస్తున్న గర్భం గురించి చెప్పిన మాట. మాయ కిందికి ఉన్నా, రక్తం కనిపించినా, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉందని స్కాన్‌లో తేలినా, బీపీ ఎక్కువున్నా, రక్తహీనత తీవ్రంగా ఉన్నా, కవలలైనా లెక్క మొత్తం మారిపోతుంది. అందుకే ఈ విషయంలో నా మాట సరిపోదు, మీ ఆయన ఫోన్‌లో చదివిన మాటా సరిపోదు. నిన్ను చూస్తున్న డాక్టరే నీ రిపోర్టులు ముందు పెట్టుకుని చెప్పాలి. 18, 20 వారాల మధ్య టిఫా స్కాన్ చేస్తారు కదా, అది బయల్దేరే లోపే అయిపోవాలి. ఇప్పుడే ఆ తేదీ తీసుకో. బిడ్డ ఎదుగుదల, మాయ ఉన్న చోటు అందులో తెలిసిపోతాయి. వెళ్లాలా వద్దా అన్న ఆఖరి నిర్ణయం ఆ రోజు సాయంత్రం తీసుకోవాలి, ఈ రోజు కాదు.

ఇక మీ ఆయన రాత్రిళ్లు చదివే వాటి సంగతి. విమానంలో ఆక్సిజన్ చాలదనీ, రేడియేషన్ ఉంటుందనీ చదివి ఉంటారు. విమానం ఎంత ఎత్తులో ఎగిరినా లోపలి గాలి ఒత్తిడిని 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ ఊళ్లో ఉన్నట్టుగా ఉంచుతారు. ఆరోగ్యంగా ఉన్న తల్లికి అది ఇబ్బంది కాదు. కడుపులో బిడ్డ రక్తంలోని హిమోగ్లోబిన్ మన దానికంటే గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, కాబట్టి ఆ కొద్ది తేడా బిడ్డను బాధించదు. పైన రేడియేషన్ నేల మీదకంటే ఎక్కువే కానీ, అడపాదడపా ప్రయాణించేవాళ్లకు అది లెక్కలోకి రాదు. రోజూ ఎగిరే పైలట్లు, విమాన సిబ్బంది అయితే గర్భం వచ్చినప్పుడు ఎక్కే విమానాల లెక్క చూసుకోవాలి. ఎయిర్‌పోర్టులో మెటల్ డిటెక్టర్ గుమ్మం గుండా వెళ్లడం వల్ల బిడ్డకు ఏమీ కాదు. మనసొప్పకపోతే చేత్తో తనిఖీ చేయమని అడగొచ్చు.

విమానంలో నిజంగా జాగ్రత్త పడాల్సింది కాళ్ల గురించి. కాన్పు సమయంలో రక్తం ఎక్కువ పోకుండా ఉండటానికి గర్భిణి ఒంట్లో రక్తం తొందరగా గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఆ మేలు పది గంటల సీటులో కీడుగా మారుతుంది. పైగా పెరిగిన గర్భసంచి నడుము దగ్గర రక్తనాళాల మీద బరువు మోపుతుంది, కాళ్ల నుంచి రక్తం పైకి రావడం నెమ్మదిస్తుంది. మామూలు వాళ్లతో పోలిస్తే గర్భిణులకు కాలి రక్తనాళాల్లో రక్తపు గడ్డలు వచ్చే ప్రమాదం నాలుగైదు రెట్లు ఎక్కువ. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణానికైనా ఇది వర్తిస్తుంది, బస్సైనా కారైనా సరే. అందుకని నడవ పక్క సీటు తీసుకో. గంటకోసారి లేచి నడువు. కూర్చున్నప్పుడు మడమలు ఆనించి వేళ్లు పైకి లేపుతూ, పాదాలు తిప్పుతూ ఉండు. పిక్కలకు ఒత్తిడినిచ్చే మేజోళ్లు ఉంటాయి, కొలత తీసుకుని ఇస్తారు. పొద్దున కాళ్లు వాయకముందే వాటిని వేసుకోవాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా గడ్డలు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పు, ఒక్కోసారి ఇంజెక్షన్ కూడా అవసరం పడుతుంది. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, నీళ్లు తాగుతూ ఉండాలి. మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని తాగడం మానేయకు, ఆ లేవడమే నీకు వ్యాయామం. బెల్టు పొట్ట మీదుగా కాకుండా పొట్ట కింద, తుంటి ఎముకల మీద ఆనేలా పెట్టుకో.

కాగితాల విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. మా చెల్లెలి దగ్గరికి వెళ్లి 29వ వారంలో తిరిగొస్తున్నాను. డాక్టర్ ఇచ్చిన ఉత్తరం జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెద్ద పెట్టెలో దాచాను. కౌంటర్ దగ్గర పెట్టె బెల్టు మీద కదిలి రబ్బరు తెరల వెనక్కి వెళ్లిపోయిన మరుక్షణం ఆ అమ్మాయి నా పొట్ట వైపు చూసి "ఎన్నో వారం? సర్టిఫికెట్ ఉందా?" అంది. ఉంది, కానీ ఉన్నది పెట్టెలో. దాన్ని వెనక్కి రప్పించేసరికి ముప్పావు గంట పట్టింది. నేను నిలబడే ఉన్నాను, వెనక లైను పెరుగుతూ ఉంది, నా కళ్లల్లో నీళ్లు. ఆ రోజు నుంచి అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను: ఆ కాగితం చేతిసంచిలో ఉండాలి, ఇంకో కాపీ ఫోన్‌లో ఉండాలి.

చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి. ఒకే బిడ్డ ఉండి అంతా బాగుంటే 36 వారాల చివరి వరకు, కవలలైతే 32 వారాల వరకు ఎక్కనిస్తారు. ఇది ఎక్కువమంది పాటించే లెక్క, సంస్థను బట్టి మారుతుంది. చాలామంది వెళ్లే తేదీ చూసుకుని సంబరపడతారు, వచ్చే తేదీ మర్చిపోతారు. నీకు 23వ వారమే కాబట్టి చిక్కు రాదు. అయినా వారాలు, కాన్పు తేదీ, ఒకే బిడ్డ, ఏ ఇబ్బందీ లేదు అని రాసిన ఉత్తరం దగ్గరుంచుకో. ఐదో నెలలోనే ఏడో నెల పొట్టలా కనిపించేవాళ్లు ఉంటారు.

నువ్వు ఏ దేశమో రాయలేదు. నా దృష్టిలో విమానం కంటే ముందు చూడాల్సింది ఆ దేశంలోని దోమను. 2015లో బ్రెజిల్‌లో జికా వైరస్ వ్యాపించినప్పుడు, గర్భంలో ఉండగా తల్లికి సోకిన కొందరు పిల్లలు బాగా చిన్న తలలతో, మెదడు సరిగా ఎదగకుండా పుట్టారు. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితిగా ప్రకటించింది. దానికి మనం వేయించుకోగల టీకా లేదు. డెంగీని మోసే ఏడిస్ దోమే దీన్నీ మోస్తుంది, అది పగలు కుడుతుంది. తల్లికి జ్వరం కూడా రాకుండానే బిడ్డకు చేరవచ్చు. కాబట్టి నువ్వు వెళ్లే చోట జికా వ్యాపిస్తోందని ఆరోగ్య శాఖల హెచ్చరికల్లో కనిపిస్తే ఇక ఆలోచించకు, ఈసారికి ఆ దేశం వద్దు. మలేరియా ఉన్న చోటుకూ అదే మాట. గర్భిణులను దోమలు ఎక్కువ కుడతాయి, మలేరియా వాళ్లకు తీవ్రంగా వస్తుంది, బిడ్డకూ ముప్పే. మీ ఆయనకు కూడా ఒక మాట: జికా లైంగికంగా కూడా సోకుతుంది. ఈ నెలల్లో ఆయన ఆఫీసు పని మీద అలాంటి దేశానికి వెళ్లొస్తే కాన్పయ్యేదాకా కండోమ్ వాడాల్సిందే.

దోమల భయం అంతగా లేని చోటైనా ఒంటినిండా బట్టలు, దోమల మందు తప్పవు. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందులను సీసా మీద చెప్పినట్టు వాడితే గర్భిణులకు ఇబ్బంది లేదు. కొన్ని దేశాలు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతాయి. అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, సాధారణంగా గర్భిణులకు వేయరు. నిబంధన కోసమే అడుగుతున్నారంటే మినహాయింపు ఉత్తరం డాక్టర్ ఇస్తారు. నిజంగా ఆ జబ్బు ఉన్న దేశమైతే వెళ్లకు. ఫ్లూ టీకా మాత్రం వేయించుకోవచ్చు, మంచిది కూడా.

స్కూబా డైవింగ్ ఈసారికి మర్చిపో. ఇందులో బేరం లేదు. లోతుకు వెళ్లి పైకి వచ్చేటప్పుడు రక్తంలో గాలి బుడగలు ఏర్పడతాయి. మన ఊపిరితిత్తులు వాటిని వడకట్టేస్తాయి. కడుపులో బిడ్డకు ఊపిరితిత్తులు ఇంకా పని మొదలుపెట్టవు, రక్తం వాటిని తప్పించుకుని పోతుంది, ఆ బుడగలు నేరుగా ఎక్కడికైనా చేరగలవు. సముద్రం నెమ్మదిగా ఉంటే ఒడ్డున ఈత కొట్టు, నీళ్ల పైన తేలుతూ చేపల్ని చూడు, హాయిగా ఉంటుంది. కొండ ప్రాంతం ఎంత ఎత్తో కనుక్కో. 12,000 అడుగులు దాటిన చోటుకు గర్భిణులు వెళ్లకపోవడం మంచిది. అంతకంటే తక్కువైనా మొదటి రెండు రోజులు విశ్రాంతిగా గడపాలి. అసలు ఎత్తు కంటే ఆసుపత్రికి ఎంత దూరం అన్నదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. జీపులో ఆరు గంటలు కిందికి దిగితే తప్ప డాక్టర్ దొరకని చోటైతే ఆ అందం నీకు ఈ ఏడాది వద్దు. వేడినీళ్ల తొట్లు, ఆవిరి గదులు, గుర్రపు స్వారీ, తిరగేసి మరగేసే రైడ్లు కూడా అంతే.

తిండి విషయం నీకు ఇంట్లో చెప్పిందే. పచ్చి చేప, సగం ఉడికిన మాంసం, కాచని పాలతో చేసిన చీజ్, ఎక్కడివో తెలియని ఐసు ముక్కలు వద్దు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ అనే కాలేయ జబ్బు మామూలు వాళ్లకంటే గర్భిణులకు చాలా ప్రమాదకరం, అందుకే నీళ్ల దగ్గర మొహమాటం వద్దు. ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గరుంచుకో. నొప్పికి పారాసిటమాల్ చాలు. స్నేహితురాలి పర్సులో ఉన్న ఐబుప్రోఫెన్ మింగకు, 20 వారాలు దాటాక అది బిడ్డ కిడ్నీల మీద, ఉమ్మనీటి మీద ప్రభావం చూపగలదు.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక సాయంత్రం మొత్తం కూర్చోవాలి. చాలా పాలసీల్లో గర్భానికి సంబంధించిన ఖర్చు అసలే ఉండదు, లేదా ఇన్ని వారాల వరకే అని ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగు: హఠాత్తుగా వచ్చే గర్భ సమస్యలకు ఎన్నో వారం దాకా ఇస్తారు, నెలలు నిండకుండా బిడ్డ పుడితే ఆ బిడ్డ ఐసీయూ ఖర్చు ఎవరిది, డాక్టర్ వద్దంటే ప్రయాణం రద్దు చేసుకున్నందుకు డబ్బు వస్తుందా. జవాబులు ఈమెయిల్‌లో తీసుకో. రెండో ప్రశ్న రాయడం నాకూ కష్టంగానే ఉంది. 24 వారాలకు అటూ ఇటూగా పుట్టిన బిడ్డకు నెలల తరబడి ఐసీయూ పడుతుంది, అన్నాళ్లూ తల్లిదండ్రులు ఆ పరాయి దేశంలోనే ఉండాలి. ఇది చాలా అరుదు. కానీ మీ ఆయన నిద్రలేకుండా తలుచుకుంటున్నది ఇదే అని నాకు అనిపిస్తోంది, నోటితో అనలేక టిక్కెట్ల డబ్బు గురించి మాట్లాడుతున్నారు. ఒకసారి ఇద్దరూ కూర్చుని ఈ మాట పైకి అనుకోండి. పేరు పెట్టని భయం పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. నీ ఉత్తరం చదివాక నన్ను కలవరపెట్టింది విమానమూ కాదు, దోమా కాదు. నువ్వింకా స్నేహితురాళ్లకు చెప్పలేదన్న మాట. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

నా మొదటి కాన్పప్పుడు ఐదో నెలలో ఆఫీసు స్నేహితులు ఐదుగురితో కలిసి వేరే దేశం వెళ్లాను. వాళ్లకు తెలుసు. కానీ నా వల్ల ఎవరి సరదా చెడకూడదని రోజంతా "బానే ఉన్నా, పదండి" అంటూ నడిచాను. ఒక పాత కోట మెట్లు. సగం ఎక్కేసరికి పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. వదిలింది. మళ్లీ బిగుసుకుంది. అందరూ పైన ఫొటోలు దిగుతున్నారు, నవ్వులు వినిపిస్తున్నాయి. నేను గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను. ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూసి దిగి వచ్చింది. నాతో పెద్దగా మాటలు కూడా ఉండేవి కావు. ఏమైందని అడగలేదు. కింది మెట్టు మీద కూర్చుని నా బూటు లేసు విప్పింది. మేజోడు అంచు పడిన చోట చర్మం మీద ఎర్రటి గీత లోతుగా దిగి ఉంది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచిపోయింది. తన సీసాలో నీళ్లు మొత్తం నాతో తాగించి, చేతి గడియారం చూస్తూ "బిగుసుకున్నప్పుడు చెప్పు, నేను లెక్కపెడతా" అంది. గంటసేపు అక్కడే కూర్చున్నాం. మొదటి అరగంటలో మూడుసార్లు, తర్వాత ఒక్కసారి, ఆ పైన ఆగిపోయింది. హోటల్‌కి వెళ్లాక కూడా ఆమె నా గదిలోనే పడుకుంది. ఎండ, నడక, నీళ్లు తాగకపోవడం వల్ల వచ్చిన బిగువు అది అని తర్వాత డాక్టర్ చెప్పారు. పడుకుని నీళ్లు తాగినా తగ్గకుండా గంటలో నాలుగుసార్లకు మించి వస్తే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాలని కూడా చెప్పారు.

ఆ కోట పై నుంచి ఏం కనిపిస్తుందో నాకు తెలీదు. ఆ అమ్మాయి ఈనాటికీ నాకు తోడబుట్టిన దానితో సమానం.

కాబట్టి చెల్లీ, ఎక్కడికి వెళ్తున్నావన్నదాని కంటే నువ్వు ఆగిపోయిన రోజు నీ పక్కన ఎవరు కూర్చుంటారన్నది నాకు ముఖ్యం. విమానం ఎక్కాక తెలిస్తే వాళ్లకు ఆ అవకాశమే లేదు. ప్లాన్ మొత్తం నలుగురు ఆరోగ్యవంతులైన ఆడవాళ్ల కోసం వేసుకున్నది. పొద్దున ఆరుకు లేవడాలు, రోజుకో ఊరు మారడాలు. నీ విషయం తెలియకపోతే వాళ్లు అలాగే లాక్కుపోతారు, నువ్వు మొహమాటానికి నడుస్తావు. నేను నడిచినట్టే.

మూడు నెలలు నిండాక చెబుదామన్న నీ ఆలోచన సరైనదే. ఇంకో రెండు మూడు వారాలు ఆగు, 12వ వారం స్కాన్ చూపించుకుని ఆ వెంటనే చెప్పు. అందరికీ ఒకేసారి వాట్సాప్‌లో పెట్టకు. ముగ్గురిలో నువ్వు అన్నం తినకపోతే ముందుగా గమనించే మనిషి ఒకరు ఉంటారు, ముందు ఆమెకు ఫోన్ చెయ్యి. "నాకు రావాలని ఉంది. కానీ నేను ఎక్కలేని రోజు, నడవలేని రోజు ఉంటుంది. అప్పుడు మీరు వెళ్లండి, నేను గదిలో ఉంటాను. కానీ బాగా లేకపోతే ఒకరు నాతో ఉండాలి. ఆ ఒకరు నువ్వు కాగలవా?" అని సూటిగా అడుగు. ఆమె గొంతులోనే నీకు జవాబు తెలుస్తుంది. ఎవరైనా "చూద్దాంలే, అప్పటి సంగతి అప్పుడు" అన్నారనుకో, వాళ్లు చెడ్డవాళ్లు కారు, గర్భాన్ని దగ్గర నుంచి చూసి ఉండరు, అంతే. కానీ ముగ్గురూ అలాగే అంటే ఈ ప్రయాణం నీది కాదు. నీ కోసం అందరూ మానేస్తారేమో అన్న భయం కూడా ఆ ఫోన్‌తోనే తీరిపోతుంది. మానేయమని నువ్వు అడగడం లేదు, కొండ ప్రాంతం తగ్గించి సముద్రం దగ్గర రెండు రోజులు పెంచమంటున్నావు. చాలామంది స్నేహితులకు అది సంతోషమే. నీ వంతు స్కూబా డబ్బు వెనక్కి ఇస్తారేమో కూడా వాళ్లనే కనుక్కోమను.

మీ ఆయన మాట. "మనిద్దరం తర్వాత వెళ్దాం" అన్న మాటలో ప్రేమ ఉంది, ఆయన్ను ఆ భయంతో ఒంటరిగా వదిలేయకు. వచ్చే చెకప్‌కి వెంట తీసుకెళ్లు, ఆయన ప్రశ్నలు ఆయన్నే డాక్టర్‌ను అడగనివ్వు. తర్వాత పని అప్పగించు: మీరు దిగే ప్రతి చోటుకు దగ్గర్లో కాన్పుల విభాగం, పుట్టిన పిల్లల ఐసీయూ రెండూ ఉన్న ఆసుపత్రి ఏది, అంబులెన్స్ నంబరు ఏమిటి, ఇన్సూరెన్స్ వాళ్ల అత్యవసర నంబరు, మన దేశ ఎంబసీ నంబరు. అవన్నీ ఒక కాగితం మీద రాసి నీకూ, పక్కన ఉంటానన్న ఆ స్నేహితురాలికీ ఇవ్వాలి. ఆయనా ఆ స్నేహితురాలూ ముందుగా ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకోవాలి. అర్ధరాత్రి ఆమె ఫోన్ చేస్తే ఆయనకు కొత్త గొంతు కాకూడదు. ఇంత చేశాక కూడా ఆయన మనసు ఒప్పకపోతే, ఆయన్నే ఆఖరి నాలుగు రోజులకు అక్కడికి రమ్మను. నలుగురి మధ్యలో ఒక భర్త ఉండటం ఇబ్బందే అనుకో, అది నీ స్నేహితురాళ్లను అడిగి చెయ్యి.

ఆయన రాసే కాగితం వెనకవైపు నీ బ్లడ్ గ్రూప్, వాడే మందులు, కాన్పు తేదీ, డాక్టర్ నంబరు రాయి. నీ గ్రూప్ నెగటివ్ అయితే పెద్ద అక్షరాలతో రాయి. నెగటివ్ వాళ్లకు రక్తం కనిపించినా, పొట్టకు దెబ్బ తగిలినా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడుతుంది. ఇవి కనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగకూడదు: రక్తస్రావం, నీళ్లు కారడం, తగ్గని కడుపునొప్పి, కళ్ల ముందు మెరుపులతో తలనొప్పి, ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బడం, జ్వరం, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం. రెండు కాళ్లూ సమంగా వాస్తే అలసట కావచ్చు. ఒక్క కాలే వాస్తే దాన్ని అలసట అనుకోకూడదు. ఈ లక్షణాలు ఆ స్నేహితురాలికి కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే బాగాలేని మనిషే అందరికంటే ముందు "ఏం లేదులే" అంటుంది.

టిఫా స్కాన్ దాకా హోటళ్లు రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి. డాక్టర్ "వెళ్లిరా" అంటే, దోమల భయం లేని చోటైతే, ఆ ఒక్క స్నేహితురాలు ఉంటానంటే, వెళ్లు. మాయ కిందికి ఉందనో మరేదో చెప్పి వద్దంటే ఆ సాయంత్రం వాళ్లకు ఫోన్ చెయ్యి. అప్పటికే వాళ్లకు అంతా తెలిసి ఉంటుంది కాబట్టి నువ్వు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, కాసేపు ఏడ్చుకుంటే చాలు. స్కాన్ అయ్యాక ఏ సంగతో నాకు రాయి, ఎదురుచూస్తుంటాను.